ఒకే మనిషికి నాలుగు పేర్లు

“ఆయన పేరు ఆయనది కాదంతన్నారమ్మా.”

2016లో ఒకామె నా టేబుల్ ముందు నిలబడి అన్న మాట ఇది. అప్పటికి నేను హెచ్‌ఆర్‌లో, అంటే కంపెనీలో మనుషుల వ్యవహారాలు చూసే విభాగంలో, చేరి ఎక్కువ కాలం కాలేదు. ఒడిశాలో రాయగడ దగ్గర ఒక కంపెనీ, పేరు రాయను. ఆమె భర్త అక్కడ ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఒకరోజు రాత్రి షిఫ్టు దిగి ఇంటికెళ్ళి, గుండెలో బరువుగా ఉందని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. పెద్దకర్మ అయ్యాక ఆమె కాగితాల సంచీ పట్టుకుని పార్వతీపురం వైపు నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చింది.

ఆయన అసలు పేరు ఇక్కడ చెప్పను. అప్పలస్వామి అనుకుందాం. మా వైపు వీధికొక అప్పలస్వామి ఉంటాడు. ఈ అప్పలస్వామి కంపెనీ మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ‘ఎ. స్వామి’. పీఎఫ్ రికార్డులో ‘అపల స్వామి’, ఎప్పుడో ఒడియాలో రాసిన కాగితం చూసి ఎవరో ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు ఒక ‘ప’ ఊడిపోయింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, తర్వాత పూర్తి పేరు. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివర. మనకి ఇంటిపేరు ముందుంటుంది. ఒడిశాలో ఫారం నింపే గుమాస్తాకి చివర ఉన్నదే ఇంటిపేరు. అందుకని ‘స్వామి’ని ఇంటిపేరు చేసి, ‘అప్పల’ని మనిషి పేరు చేసి, అసలు ఇంటిపేరుని వదిలేశారు. ఇరవై రెండేళ్ళు నెలనెలా జీతంలోంచి డబ్బు కోశారు. ఎవరి పేరు మీద కోస్తున్నామో ఒక్కసారి కూడా చూడలేదు.

పైగా గ్రాట్యుటీకి, అంటే సర్వీసు ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బుకి, రాసిన నామినేషన్ ఫారంలో ఉన్నది పెళ్ళికి ముందు రాయించిన తల్లి పేరు. ఆ తల్లి పోయి చాలాకాలమైంది.

గ్రాట్యుటీ లెక్క కష్టమైనదేమీ కాదు. ఆఖరి నెల బేసిక్ జీతం, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది సర్వీసుకి వచ్చేది తేలుతుంది. ఆయనకి 13,000. అంటే ఏడాదికి 7,500. ఇరవై రెండేళ్ళకి 1,65,000 రూపాయలు. ఆ లెక్క వేయడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. ఆ డబ్బు, పీఎఫ్, పింఛను ఆమె చేతికి అందడానికి తొమ్మిది నెలలు పట్టింది. అఫిడవిట్లు, వారసుల సర్టిఫికెట్, ఆ నాలుగు పేర్లూ ఒకే మనిషివని కంపెనీ రాసిచ్చే ఉత్తరం, దాన్ని ఒకసారి తప్పు రాసి మళ్ళీ రాయడం. ఆ తప్పు మా ఆఫీసుదే. వచ్చిన ప్రతిసారీ ఆమెకి ఒకరోజు కూలీ పోయేది. ప్రతిసారీ గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చునేది. షిఫ్టు మారే వేళకి లోపలికెళ్ళేవాళ్ళు, బయటికొచ్చేవాళ్ళు అందరూ ఆమెను చూసేవాళ్ళు. వాళ్ళంతా ఆమె భర్తతో కలిసి టీ తాగినవాళ్ళే. ఇరవై రెండేళ్ళు చేస్తే రేపు మన ఆడదాని గతి కూడా ఇదేనా అని వాళ్ళకి అనిపించకుండా ఉంటుందా?

ఆ వేపచెట్టు కింద కంపెనీ ఎంత పోగొట్టుకుందో ఏ పద్దులోనూ ఎక్కలేదు. హెచ్‌ఆర్ విలువ గురించి నేను రాయదలచుకున్నదంతా ఆ చెట్టు కిందే మొదలైంది.

ఇప్పుడు నేను పనిచేస్తున్నది అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో. రీళ్ళుగా వచ్చిన కాగితాన్ని కొరుగేషన్ లైను మీద ముడతలు పెట్టి, గమ్ పూసి అతికించి, కోసి, ప్రింటు వేసి, స్టిచింగ్ చేసి పంపుతాం. పర్మనెంటు, కాంట్రాక్టు కలిపి నాలుగు వందల మందికి దగ్గరగా ఉంటారు. రాయగడ, గుణుపురం తెలుగువాళ్ళు, సరిహద్దు అవతల ఆంధ్రలోని కొమరాడ, పార్వతీపురం నుంచి వచ్చేవాళ్ళు, ఒడియావాళ్ళు, కోందు, సవర ఆదివాసులు. ఒకే టీ బంకు దగ్గర నాలుగు భాషలు వినిపిస్తాయి.

చేరిన మొదటి ఏడాది చివర రివ్యూ మీటింగులో ఎండీగారు అడిగారు: “అమ్మా, మీ డిపార్ట్‌మెంట్ వల్ల కంపెనీకి వచ్చిందేంటి?”

నేను స్లైడ్లు చూపించాను. ఎన్ని గంటల ట్రైనింగ్, ఎంతమందికి పుట్టినరోజు కేకు, ఎన్ని పోస్టర్లు, ఆటల పోటీలు. ఆయన మర్యాదగా చివరిదాకా విన్నారు. “ఇవన్నీ ఖర్చులే కదమ్మా. వచ్చిందేంటో చెప్పు” అన్నారు. ఆ రాత్రి కోపంతో నిద్రపట్టలేదు. మనుషుల్ని చూసుకోవడానికి కూడా లాభం చూపించాలా అనిపించింది. కానీ రెండు రోజులకి ఆయన అడిగింది న్యాయమేనని ఒప్పుకున్నాను. ఆయన లారీ రీళ్ళు దిగితే తూకం వేయించి తీసుకునే మనిషి. స్టోర్స్ వాళ్ళని అడిగినట్టే నన్నూ అడిగారు. నా దగ్గర తూకం లేదు, అంతే.

హెచ్‌ఆర్‌లో ఉన్న మనం చాలామందిమి ఈ ప్రశ్నకి రెండు రకాల తప్పు జవాబులు చెబుతున్నాం. ఒకటి, చేసిన కార్యక్రమాల చిట్టా చదవడం. రెండోది, మనుషుల విషయం లెక్కలకి అందదని చేతులెత్తేయడం. రెండూ ఓడిపోయే జవాబులే. మన పని విలువ ఒక్కదాంట్లో ఉంది: ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి మనిషినీ ఖచ్చితంగా తెలుసుకుని ఉండడం. పేరు, నామినీ, చదవగలిగే లిపి, ఇంట్లో ఉన్న ఇబ్బంది, చేతిలో ఉన్న పనితనం. ఇవి తెలిసి ఉంటే కంపెనీకి డబ్బు మిగులుతుంది, తెలియకపోతే పోతుంది. మిగిలినదాన్ని, పోయినదాన్ని యజమాని లెక్కపెట్టే రూపాయల్లోనే చూపించాలి. చూపించగలం కూడా.

ఈ ఉద్యోగం ఎందుకు పుట్టిందో గుర్తుచేసుకుంటే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. మా తాతల కాలంలో గంజాం, విశాఖ జిల్లాల నుంచి వేలాదిమంది తెలుగువాళ్ళు రంగూన్ వెళ్ళేవాళ్ళు. గోపాల్‌పూర్ రేవు నుంచి కూడా స్టీమర్లు నడిచేవి. వాళ్ళని తీసుకెళ్ళేది మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చేది ఆయనే, పనిలో పెట్టేది ఆయనే, కూలి డబ్బు వచ్చేదీ ఆయన చేతుల మీదుగానే. రైస్ మిల్లు యజమానికి గానీ రేవులో ఓడ కంపెనీకి గానీ కూలివాడి పేరుతో పనిలేదు, మేస్త్రీకి ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. బొంబాయి నూలు మిల్లుల్లో ఇదే పద్ధతి, అక్కడ ఆ మనిషిని జాబర్ అనేవాళ్ళు. పని ఇప్పించినందుకు లంచం, పనిలో ఉంచినందుకు మళ్ళీ లంచం. కార్మికుల పరిస్థితి మీద 1929లో వేసిన రాయల్ కమిషన్, విట్లీ కమిషన్ అంటారే, అది 1931లో రిపోర్టు ఇస్తూ మనుషుల్ని చేర్చుకునే అధికారం జాబర్ చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసర్ అనే ఉద్యోగికి ఇవ్వమంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు పైన ఉన్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని పెట్టింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల్లో, అంటే లేబర్ కోడ్‌లలో, ఆ సంఖ్యని 250కి తగ్గించారు.

అంటే మన కుర్చీ కేకులు కోయించడానికి పుట్టలేదు. మేస్త్రీకీ కంపెనీకీ మధ్య పేరు లేకుండా పోయిన మనిషికి పేరు ఇవ్వడానికి పుట్టింది.

ఈ చరిత్రలో మన ప్రాంతపు మనిషి ఒకాయన ఉన్నారు, ఆయన్ని తలుచుకోకుండా ముందుకెళ్ళలేను. వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో ఒక తెలుగు ఇంట్లో పుట్టారు. డబ్లిన్‌లో లా చదువుకోడానికి వెళ్ళి, తిరిగి వచ్చాక బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులతో కలిసి పనిచేశారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యజమాని, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రతిదాన్నీ ప్రభుత్వ ట్రిబ్యునల్ మీద రుద్దకూడదన్నది ఆయన పట్టు. దాన్ని ఇప్పటికీ గిరి విధానమనే అంటారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు మంత్రి పదవి వదిలేశారు. 1972లో గ్రాట్యుటీ చట్టం వచ్చినప్పుడు దానికి ఆమోదం తెలిపిన రాష్ట్రపతి ఆయనే. అప్పలస్వామి భార్యకి తొమ్మిది నెలలు ఆలస్యంగా అందిన ఆ 1,65,000 బరంపురంలో పుట్టిన మనిషి సంతకంతో చట్టమైన హక్కు. ఆ హక్కుని అందించాల్సిన చివరి మెట్టు మీద నేనున్నాను. నా మెట్టే విరిగిపోయింది.

మళ్ళీ ఎండీగారి ప్రశ్న దగ్గరికి.

మా కొరుగేషన్ లైను మీద పన్నెండేళ్ళుగా చేస్తున్న ఆపరేటర్ ఒకాయన ఉండేవాడు. వానాకాలంలో రీలు మీద చెయ్యి వేసి కాగితం తేమ పట్టిందో లేదో చెప్పేవాడు. దాన్నిబట్టి వేడి ఎంత పెంచాలో, గమ్ ఎంత పట్టాలో, లైను ఎంత స్పీడులో నడపాలో ఆయన చేతికి తెలుసు. ఒక జూలైలో రాజీనామా ఇచ్చాడు. విశాఖలో 3,000 ఎక్కువ ఇస్తున్నారని కాగితంలో రాశాడు. మేం ఐడీ కార్డు తీసుకుని, నో డ్యూస్ సంతకం పెట్టించుకుని పంపేశాం. ఆ తర్వాత షీట్లు వంకర తిరగడం, అతుకులు ఊడటం, పక్కన పడేసే కాగితం గుట్ట పెరగడం అందరం చూశాం.

ఆయన బావమరిది మా స్టిచింగ్‌లో ఉన్నాడు. రెండు నెలలయ్యాక ఆయన చెప్పాడు: “డబ్బు గురించి కాదండీ. పాప పదో తరగతి. రాత్రి ట్యూషన్ నించి తీసుకొచ్చీవోళ్ళు లేరు. కొన్నాళ్ళు బి షిఫ్టు వద్దని మూడుసార్లడిగినాడు. కుదరదన్నారు.” ఆ మూడుసార్లలో ఒక్కసారి కూడా విషయం నాదాకా రాలేదు. నేను ఏసీ గదిలో ట్రైనింగ్ క్యాలెండర్ తయారు చేస్తున్నాను.

అప్పుడు మొదటిసారి నేను లెక్క వేశాను. ఇక్కడ మా ఫ్యాక్టరీ అంకెలు ఇవ్వకూడదు కాబట్టి పద్ధతి తెలియడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటాను. లైను మీద రోజుకి 20 టన్నుల కాగితం నడుస్తుందనుకోండి. వేస్టేజ్ నూటికి 4 నుంచి 6కి పెరిగితే రోజుకి 400 కిలోలు అదనంగా పోతుంది. కిలో 35కి కొన్న కాగితాన్ని తుక్కుగా 15కి అమ్మితే కిలోకి 20 రూపాయలు నష్టం. రోజుకి 8,000. నెలకి 26 పనిదినాలు, 2,08,000. కొత్త ఆపరేటర్ చెయ్యి తిరగడానికి మూడు నెలలు పడితే 6,24,000. ఆయన రాజీనామాలో రాసిన ఎక్కువ జీతం ఏడాదికి 36,000. నిజంగా అడిగిన షిఫ్టు మార్పు ఖరీదు సున్నా.

ఈ కాగితం పట్టుకుని ఎండీగారి దగ్గరికెళ్ళాను. ఆయన కలం తీసి ప్రతి గుణకారం మళ్ళీ వేసి చూశారు. తర్వాత మంచి ప్రశ్న అడిగారు: “ఆ రెండు శాతం ఆయన పోవడం వల్లేనని ఎలా చెప్తావమ్మా? వానలు కూడా ఉన్నాయి కదా?” చెప్పలేనని ఒప్పుకున్నాను. సగం వానలకి వదిలేద్దాం అన్నాను. సగమైనా మూడు లక్షల పైనే. ఆయన కాసేపు ఆ కాగితం వంక చూసి, ప్రొడక్షన్ హెడ్‌ని పిలిపించారు. ఆ రోజు నుంచి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అయిదేళ్ళు దాటిన మనిషి రాజీనామా ఇస్తే, నేను కూర్చుని మాట్లాడకుండా అంగీకరించరు. షిఫ్టు మార్పు అడిగి లేదనిపించుకున్నవాళ్ళ జాబితా వారానికోసారి నా టేబుల్ మీదికి వస్తుంది. అందరూ ఆగిపోతారని కాదు. వెళ్ళేవాళ్ళు వెళ్తారు. కానీ ఎందుకు వెళ్తున్నారో తెలుస్తుంది.

హెచ్‌ఆర్‌లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్కమాట. సందేహం ఉన్నచోట లెక్కని మీరే తగ్గించి చూపండి. యజమాని కోసేముందు మీరే కోయండి. మన అంకెల మీద ఆయనకి నమ్మకం కలగడం ఆ ఒక్క లెక్క గెలవడం కన్నా పెద్ద విషయం.

ఇంకో సంగతి సరిహద్దులో పనిచేసేవాళ్ళకి తప్ప తట్టదు. మాట్లాడే భాష వేరు, చదివే లిపి వేరు. రాయగడలో పుట్టి ఒడియా బడిలో చదివిన తెలుగు కుర్రాడు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు, తెలుగు అక్షరం మాత్రం చదవలేడు. కొమరాడ నుంచి వచ్చినవాడు ఒడియా మాట్లాడతాడు, చదవలేడు. కువి మాట్లాడే కోందు పెద్దాయన ఏ లిపీ చదవడు, కానీ ఒకసారి చెప్పింది మరిచిపోడు. మేం చాలాకాలం నోటీసులు ఇంగ్లీషు, ఒడియాల్లో పెట్టి ఊరుకున్నాం. ఎవరైనా తెలుగు అడిగితే, వాళ్ళకి ఒడియా వచ్చు కదా అనేవాళ్ళం.

గమ్ వండే గదిలో పిండి, నీళ్ళు, బోరాక్స్‌తో పాటు కాస్టిక్ సోడా వాడతాం. కాస్టిక్‌ని నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు, అలా పోస్తే ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. ఈ సంగతి గోడ మీద రెండు భాషల్లో రాసే ఉంది. కొత్తగా వచ్చిన పార్వతీపురం వైపు కుర్రాడికి ఆ రెండూ చదవడం రాదు. డబ్బాలో కాస్టిక్ వేసుకుని పైనుంచి నీళ్ళు పోశాడు. అద్దాలు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి కళ్ళు దక్కాయి. మెడ మీద, చెయ్యి మీద కాలింది. పక్కనున్న పెద్దాయన కుళాయి కింద కూర్చోబెట్టి చాలాసేపు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. డాక్టరుగారు అదే కాపాడిందన్నారు.

విచారణ రిపోర్టులో సూపర్‌వైజర్ ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని రాశాడు. నేను ఆ మాట కొట్టేయించి, ‘చదవలేని భాషలో హెచ్చరిక’ అని రాయించాను. దానిమీద పెద్ద గొడవే అయింది. ఆ రెండు మాటల మధ్య తేడా చాలా ఉంది. నిర్లక్ష్యం అని రాస్తే ఒక కుర్రాడికి మెమో ఇచ్చి మూసేస్తాం, తర్వాత కుర్రాడు మళ్ళీ కాలుతాడు. చదవలేదని రాస్తే మార్చాల్సింది మనమే.

అప్పటి నుంచి మా రిజిస్టర్‌లో ప్రతి మనిషి పేరు పక్కన రెండు గడులు ఉన్నాయి: ఏం మాట్లాడతారు, ఏం చదువుతారు. చదవనివాళ్ళకి ఇండక్షన్ నోటితోనే, వాళ్ళ భాషలోనే, చేసి చూపిస్తూ. చెప్పేది నేను కాదు, అదే భాష మాట్లాడే సీనియర్. ఈ రెండు గడులు పెట్టడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నాలుగు వందల మందితో తలా పది నిమిషాలు కూర్చుంటే చాలు. ఫ్యాక్టరీలో ఆ పది నిమిషాలు కూర్చునే ఉద్యోగం ఇంకెవరికీ లేదు, మనకే ఉంది.

ఆ కూర్చోడంలో ఇంకా చాలా బయటపడ్డాయి. అసలు తేదీ తెలియక ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉన్నవాళ్ళు వరుసగా కనిపించారు. పండగల సంగతీ అప్పుడే అర్థమైంది. ప్రొడక్షన్ వాళ్ళు జనవరి మధ్యలో, జూన్ మధ్యలో, చైత్రంలో గైర్హాజరు ఎక్కువని ఏటా మొత్తుకునేవాళ్ళు. భోగి, సంక్రాంతి, కనుమలకి తెలుగువాళ్ళు ఊళ్ళకెళ్తారు. రజ పండగకి ఒడియావాళ్ళు, చైత పరబ్‌కి ఆదివాసులు. మజ్జిగౌరమ్మ జాతరకి అందరూ. ఇది జబ్బు కాదు, క్యాలెండర్. ఏటా ఎలాగూ ఆపాల్సిన బాయిలర్ మరమ్మతుని సంక్రాంతికి జరిపాం. రజకి ఆదివాసులు, సంక్రాంతికి ఒడియావాళ్ళు డ్యూటీ చేసేలా ముందే రాసుకున్నాం. గైర్హాజరు మీద మీటింగులు ఆగిపోయాయి.

పెద్ద కంపెనీలు మనుషుల విలువని బ్యాలెన్స్ షీట్ పక్కన చూపించే ప్రయత్నాలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. మన దేశంలో ప్రభుత్వ రంగ కంపెనీ భెల్ 1970లలోనే చేసింది, తర్వాత ఇన్ఫోసిస్ చేసింది. ఇద్దరూ వాడింది లెవ్, ష్వార్ట్జ్ పద్ధతి. ఉద్యోగి రిటైరయ్యేదాకా సంపాదించబోయే జీతాలన్నిటినీ ఇప్పటి విలువలోకి మార్చి కూడతారు. గౌరవంగానే చెబుతున్నాను, మాలాంటి ఫ్యాక్టరీకి అది పనికిరాదు. జీతం తక్కువున్నవాడి విలువ ఆ లెక్కలో తక్కువే వస్తుంది. రీలు మీద చెయ్యి వేసి తేమ చెప్పే మనిషి పనితనం అందులో కనపడదు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకి తప్పనిసరి చేసిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) రిపోర్టు నాకు ఎక్కువ నచ్చుతుంది. ఎంతమంది వదిలి వెళ్ళారు, ఎన్ని ప్రమాదాలు జరిగాయి, ఎంతమందికి బీమా ఉందని సూటిగా అడుగుతుంది. మా కంపెనీ అందులోకి రాదు, కానీ మా పెట్టెలు కొనేవాళ్ళలో కొందరు వస్తారు. వాళ్ళ ఆడిటర్లు వచ్చినప్పుడు మెషీన్లతో పాటు జీతాల షీటు, పీఎఫ్ చలాన్లు, కాంట్రాక్టు కూలీల హాజరు కూడా అడుగుతారు. ఒకసారి ఆడిటర్ మస్టర్‌లోంచి తన ఇష్టం వచ్చిన పేర్లు ఏరి, ఆ మనుషులనే పిలిపించి మాట్లాడాడు. పేర్లు, జీతాలు, గంటలు అన్నీ సరిపోయాయి. ఆర్డరు నిలబడింది. ఆ సాయంత్రం మార్కెటింగ్ ఆయన నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు, మొదటిసారి.

ఇదంతా చదివి ఒక కార్మికుడు, “నువ్వు కంపెనీ మనిషివే కదమ్మా, కంపెనీ లాభం కోసమే కదా ఇదంతా” అని అడగొచ్చు. అడిగారు కూడా. దానికి నా దగ్గర తప్పించుకునే జవాబు లేదు. నాకు జీతమిచ్చేది కంపెనీయే. కానీ కంపెనీ మేలు పేరుతో మా చేత చేయించే కొన్ని పనులు కంపెనీకే చేటు అని చెప్పే బాధ్యత కూడా మాదే. నేను మొదట రాసిన ఆ పాత కంపెనీలోనే ఒక ఆలోచన వచ్చింది. కాంట్రాక్టు మనుషులకి అయిదేళ్ళు నిండకముందే కాంట్రాక్టరు పేరు మార్చి, అందరినీ కొత్తగా చేరినట్టు చూపిద్దాం, గ్రాట్యుటీ మిగులుతుంది అని. ఆ ఫైలు మీద సంతకం నన్నే పెట్టమన్నారు. నేను పెట్టలేదు. తర్వాత కొన్ని నెలలకి ఆ ఉద్యోగం మానేశాను. నేను కాకపోతే ఇంకొకరు పెట్టి ఉంటారని నాకు తెలుసు. అలా మిగిలిన డబ్బు కాగితం మీద బాగా కనపడుతుంది. కానీ అయిదో ఏట తన సర్వీసు చెరిపేశారని తెలిసిన మనిషి ఆరో ఏట మెషీన్‌లో వచ్చే వింత చప్పుడు గురించి మీకు చెప్పడు. ఎందుకు చెప్పాలి?

కొత్త కోడ్‌లలో నాకు ఎక్కువ సంతోషం కలిగించినవి రెండు. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంతకాలమని గడువు పెట్టుకుని, చేరినవాళ్ళకి ఏడాది చేస్తే గ్రాట్యుటీ. ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్. లెటర్ అంటే దానిమీద పేరు ఉండాలి కదా.

ఇక్కడ చేరిన కొత్తలోనే నేను మొదలుపెట్టిన పని పేర్లు సరిచేయడం. ఎనిమిది నెలలు పట్టింది. రోజుకి కొంతమందిని పిలిచి, ఆధార్, బ్యాంకు, పీఎఫ్, మస్టర్ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడటం. తేడా ఉంటే కార్మికుడు, కంపెనీ కలిసి సంతకం పెట్టే జాయింట్ డిక్లరేషన్ నింపించడం, నామినేషన్ కొత్తగా రాయించడం. ఇప్పుడు కొంత తేలికైంది. 2017 అక్టోబర్ 1 తర్వాత ఆధార్‌తో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) వచ్చినవాళ్ళు 2025 నుంచి చాలా వివరాలు తామే మార్చుకోవచ్చు. మా అప్పటి బాధంతా పాతవాళ్ళతో. ప్రొడక్షన్ హెడ్ విసుక్కునేవాడు. “మేడమ్, మీరు మనుషుల్ని లైను మీంచి లాక్కెళ్ళి పేర్లు రాయిస్తే నా టార్గెట్ ఎవరు చేస్తారు?” అనేవాడు. ఆయన తప్పేం లేదు, ఆయన టార్గెట్ ఆయనది.

2022లో మా స్టిచింగ్‌లో పనిచేసే ఒకతను బండి మీద వెళ్తూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. సర్వీసు నాలుగేళ్ళే. చనిపోయిన సందర్భంలో గ్రాట్యుటీకి అయిదేళ్ళ నియమం వర్తించదు. పీఎఫ్‌తో ముడిపడిన ఈడీఎల్‌ఐ బీమా ఉంది, దానికి ఉద్యోగి జీతంలోంచి పైసా కోయరు, కంపెనీయే కడుతుంది. సగటు నెల జీతం, గరిష్ఠంగా 15,000 దాకా, దాన్ని 35తో గుణించి, పీఎఫ్ నిల్వలో సగం కలుపుతారు. ఆ సగం 1,75,000 దాటకూడదు, మొత్తం మీద 7 లక్షల దాకా వస్తుంది. 13,000 జీతమున్న మనిషికి మొదటి భాగమే 4,55,000. చాలామంది కార్మికులకి ఈ బీమా ఉన్నట్టే తెలియదు. మూడు ఫారాలూ, పీఎఫ్‌కి 20, పింఛనుకి 10డి, బీమాకి 5ఐఎఫ్, నేనే నింపి ఆయన ఇంటికి తీసుకెళ్ళాను. పేర్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నెల తిరక్కుండా డబ్బు ఆయన భార్య ఖాతాలో పడింది. ఆమె మా గేటు దగ్గరికి ఒక్కసారి కూడా రావాల్సిన పని లేకపోయింది.

డబ్బు పడిందన్న సంగతి ఫ్యాక్టరీలో ఎలా పాకిందో తెలియదు. మర్నాడు భోజనాల వేళకి నా గది బయట ముప్పై మందికి పైగా నిలబడ్డారు. తమ నామినేషన్ ఒకసారి చూపించమని. వాళ్ళ వెనక ప్రొడక్షన్ హెడ్ నిలబడి ఉన్నాడు. ఆయన ఫైలు తీస్తే నామినీ గడిలో ఇంకా వాళ్ళ నాన్నగారి పేరే ఉంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కొత్త ఫారం ఇచ్చాను. భార్య పేరు రాస్తూ, ఆధార్‌లో ఎలా ఉందో చూడాలని ఇంటికి ఫోన్ చేశాడు.

ఈ ఏడాది ఎండీగారి రివ్యూకి నేను ఒకే ఒక్క కాగితం తీసుకెళ్ళాను. పదేళ్ళు దాటినవాళ్ళలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది వెళ్ళారు, ఎందుకు. గాయాలు ఎన్ని, త్రుటిలో తప్పిన ప్రమాదాలు ఎన్ని, వాటిని ఎవరు ముందే చెప్పారు. నాలుగు రికార్డుల్లో పేరు కలవనివాళ్ళు ఎంతమంది మిగిలారు. ఆయన చివరి వరుస దగ్గర వేలు పెట్టి ఆగారు. “ఏడుగురా? ఈ ఏడుగురిదీ ఎప్పటికి అవుతుందమ్మా?” అన్నారు.

నిన్న ఒక కుర్రాడు చేరాడు, గుణుపురం వైపు సవర అబ్బాయి. చేతిలో మూడు కార్డులు, మూడింటి మీదా పేరు మూడు రకాలుగా ఉంది. కార్డులు పక్కన పెట్టి, మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుందో చెప్పమన్నాను. సిగ్గుపడుతూ చెప్పాడు. విన్నట్టుగా ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో, ఇంగ్లీషులో రాసి రిజిస్టర్ అతని వైపు తిప్పాను. ఒడియా చదువుకున్నాడు. వేలితో ఒక్కో అక్షరం మీదుగా వెళ్ళి, మధ్యలో ఆగి, తల అడ్డంగా ఊపాడు. అక్కడ దీర్ఘం ఉండాలట. నేను కొట్టేసి మళ్ళీ రాశాను.